కర్రు కడిగిన నీళ్లు

నా పెళ్లికి వచ్చిన స్టీలు పళ్లాల్లో రెండు కనబడలేదు. తెల్లారితే భూపాలపల్లిలో బిడ్డ సీమంతం. సామాను సర్దుకుందామని అల్మారా తెరిస్తే పళ్లాల వరుస సగానికి వచ్చింది. అంచు మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించి ఇచ్చిన పళ్లాలవి. ఎవరు పెట్టిందో చచ్చేదాకా మరిచిపోవద్దని మా దిక్కు చేసే పని అది. ఇన్నేళ్లుగా సొట్ట పడనీయకుండా కాపాడుకున్నాను. ఎత్తుకుపోయినవాళ్ల చేతులు పడిపోవాలని నోటికి వచ్చినట్టు శాపనార్థాలు పెట్టుకుంటూ పేడ తీయడానికి కొట్టంలోకి పోయాను.

పళ్లాలు అక్కడున్నాయి. మా ఆయన నీళ్ల డ్రమ్ములో వేలాడుతున్నాయి. ఒక్కోదానికి అంచున రంధ్రం పొడిచి, రాగి తీగ కట్టి, అడ్డకట్టెకు వేలాడదీశాడు. నీళ్లలో మునిగినంత మేర పళ్లెం మెరుపు పోయి, పురుగు తిన్న ఆకులా ఉంది. నేను శాపనార్థాలు పెట్టింది కట్టుకున్న మొగుడికేనని అప్పుడు తెలిసింది. వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు.

“ఏందయ్యా గిది? అన్నం తినే పళ్లాలకు బొక్కలు గొడ్తరా ఎవలన్నా?” అని అరిచాను.

“జర ఆగవే. స్టీలు తుప్పు వట్టదు గద, గందుకే వెట్టిన. ఇనుప సలాకలయితే ప్రతిసారి బురద వడ్తున్నయి, గోకలేక సస్తున్న” అన్నాడాయన. తప్పు చేసిన మొహం కాదు, ఏదో కనిపెట్టిన మొహం.

ఆయనకు ఈ తుప్పు పిచ్చి పట్టి అప్పటికి నెల దాటింది. మాది తరిగొప్పుల దగ్గర పల్లె. కొంచెం పొలం, ఒక పాత ట్రాక్టరు, ఒక బర్రె. వానాకాలం పనులు తగ్గాక ఫోనులో ఏదో వీడియో చూశాడు. కరెంటుతో తుప్పు వదిలించడమట. నీలిరంగు డ్రమ్మును సగానికి కోసి, నీళ్లు నింపి, కిరాణా కొట్టు నుంచి బట్టల సోడా తెచ్చి కలిపాడు. ట్రాక్టరు బ్యాటరీకి చార్జింగు పెట్టే డబ్బా తెచ్చి, దాని నల్ల తీగ తుప్పు పట్టిన సామానుకు, ఎర్ర తీగ పనికిరాని ఇనుప సలాకకు తగిలించాడు. రెండూ ఒకదానికొకటి తాకకుండా నీళ్లలో ముంచి స్విచ్చు వేస్తే, తుప్పు పట్టినదాని చుట్టూ సన్నగా నురగ లేచింది. మర్నాడు తీసి బ్రష్షుతో రుద్దితే తుప్పంతా నల్లటి మడ్డిలా ఊడొచ్చింది. పాత సామాన్ల బండివాడు కూడా వద్దన్న కల్టివేటరు పళ్లు, కొత్తగా దుకాణంలో కొన్నట్టు బయటికి వచ్చాయి. అబద్ధమెందుకు, ఆ రోజు నేను కూడా నోరు తెరుచుకుని చూశాను.

ఆ పళ్లు చూశాకే మా అత్త కర్రు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. మా మామ నాగలి కర్రు. ఎద్దులను అమ్మేసి ఏళ్లయింది, నాగలి చెక్కను చెదలు తినేసింది, మామ కూడా పోయాడు. కర్రు మాత్రం దేవుని అర్ర మూలన ఉంది. మా అత్త ప్రతి దసరాకు దాన్ని కడగకుండానే నిండా పసుపు పూసి, బొట్లు పెట్టేది. ఆ తడికి తుప్పు ఇంకింత పట్టేది. “మునిమనుమడు వుట్టెటాలకు గిదిగూడ తెల్లగ గావాలె బిడ్డా” అన్నదట కొడుకుతో. సీమంతం ముందురోజుకల్లా ఇవ్వాలని ఆయన కర్రును డ్రమ్ములో వేసి, సలాకలు గోకే ఓపిక లేక వాటి బదులు నా పళ్లాలు ఎత్తుకుపోయాడు. ఇదంతా నేను పళ్లాలు పట్టుకుని రంకెలు వేస్తుంటే ఆయన చెప్పిన సంజాయిషీ.

అరుస్తూ అరుస్తూనే డ్రమ్ములోకి చూసి ఆగిపోయాను. ప్రతిసారీ ఎర్రమట్టి రంగులోకి మారే నీళ్లు ఈసారి పసుప్పచ్చగా ఉన్నాయి. అచ్చం పసుపు కలిపిన నీళ్లే. మా ఆయన కూడా తల గోక్కున్నాడు. “గింత పసుపు యాడికెల్లి వచ్చిందే?” అన్నాడు.

మా చప్పుడుకు అత్త వచ్చింది. డ్రమ్ములోకి ఒంగి చూసి, చేతులు జోడించి అట్లాగే నిలబడిపోయింది.

“నేను పూసిన పసుపేనే ఇది. అన్ని దసరాల పసుపు ఇనుము కడుపుల దాసుకున్నది. ఇయ్యాల నా మునిమనుమని కోసం బయటికిడిసింది” అంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. నాకు ఒళ్లు జలదరించింది. పళ్లాల కోపం ఎటు పోయిందో పోయింది. మా ఆయన అయితే చెప్పులు విడిచి దండం పెట్టాడు. ముగ్గురం కలిసి ఆ డ్రమ్ముకు మొక్కాము, నమ్మండి నమ్మకపోండి.

అత్తను ముందుగా పంపాలని మేం అనుకున్నదే. పొద్దున బస్సుకు ఆమె, మర్నాడు తెల్లారకముందే బండి మీద మేమిద్దరం. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక మా అత్త కాలు ఇంట్లో నిలవదు. ఆధార్ కార్డు కొంగున కట్టుకుని కాళేశ్వరం పోయి గోదాట్లో మునిగొస్తుంది, మరిపెడలో మా తమ్ముడి ఇంటికి పోయి రెండు రోజులు కూర్చుంటుంది. నేను సకినాలు, గరిజెలు, మలీద ముద్దలు డబ్బాల్లో పెడుతుంటే వచ్చి, ఒక్కో డబ్బా మూత తీసి ఒక్కోటి కొరికి చూసింది.

నాకు మళ్లీ మండింది. ఇది ఆమెకు పాత అలవాటు. నేను కడుపుతో ఉన్నప్పుడు పాలు, కారప్పొడి, పక్కింటివాళ్లు పంపిన కూర, చివరికి మాత్ర మింగే నీళ్లు కూడా ముందు తాను నోట్లో పోసుకుని, కొంచెంసేపు ఆగి, అప్పుడు నా చేతికిచ్చేది. ఎంగిలి పెడుతుందని మా అమ్మ దగ్గర ఏడ్చాను కూడా. తిండి మీద యావ అని పేరు పెట్టాను.

“పిల్లకు పంపేయి ఎంగిలి జేస్తున్నవు, ఇంక చిన్నపోరివా అత్తమ్మా?” అన్నాను.

“కడుపుతోటి ఉన్నదానికి వెట్టేది ముందుగాల మనం తిని సూడాలె. ఏమన్నయితే మనకే గావాలె, దానికి గావద్దు. మా అత్త నాకట్లనే జేసింది” అంది, గరిజె నములుతూనే.

ఆమె సంచిలో బట్టల పక్కన ఒక నీళ్ల సీసా, అందులో పసుప్పచ్చటి నీళ్లు. “పిల్లకు. కాన్పు సులువయితది” అంది. నుదుట అద్దుతుందేమో అనుకున్నాను. బస్సు టైమైంది, నేను ఇంకేమీ అడగలేదు. ఆయన ఆమెను బండి మీద జనగామ తీసుకుపోయి బస్సు ఎక్కించి వచ్చాడు.

ఇంత వింత జరిగాక ఊరుకుంటానా? డ్రమ్ముకు ఫొటో తీసి మా తమ్ముడికి పంపాను. వాడు హైదరాబాదులో ఇనుప సామాన్లకు మెరిసే పూత పూసే కార్ఖానాలో చాలా ఏళ్లు చేసి, ఇప్పుడు మరిపెడలో వెల్డింగు దుకాణం పెట్టుకున్నాడు. “సూడు తమ్మీ, మా మామ కర్రులకెల్లి పసుపు ఎట్ల వెళ్లిందో” అని గొంతు రికార్డు చేసి మరీ పంపాను.

మధ్యాహ్నం దాటాక నేను వంటింట్లో ఉండగా ఫోను మోగింది. వాడు బాగున్నావా అని కూడా అడగలేదు.

“అక్కా, డ్రమ్ముల ఏలాడుతున్నయి ఏంటియి? ఇనుముయా, స్టీలుయా?”

“స్టీలుయి. నా పెండ్లి పళ్లాలు. మీ బావ జేసిన ఘనకార్యం.”

“అక్కా, గది పసుపు గాదు. విషం” అన్నాడు.

నేను నవ్వాను. నిజంగా నవ్వాను.

“నవ్వకక్కా. స్టీలు తుప్పు వట్టకుంట అండ్ల క్రోమియమని కలుపుతరు. సోడానీళ్లల్ల పెట్టి కరెంటిస్తే గది నీళ్లల్లకు దిగుతది, గిట్ల పసుపు రంగుకొస్తది. మా కార్ఖానల పూత తొట్ల కాడ జేసేటోళ్లకు ముక్కు లోపట పుండ్లయి బొక్కలు వడ్డయి, నేను కండ్లార సూసిన. గందుకే ఇడిసిపెట్టొచ్చిన. ముందుగాల స్విచ్చు బందు వెట్టుండ్రి. చేతులతోటి ముట్టకుండ్రి, బర్రెను దూరం కట్టేయుండ్రి, ఒక్క సుక్క మట్టిల పారబోయకుండ్రి. ఎవలన్న తాగిండ్రా?”

సంచిలో బట్టల పక్కన పెట్టిన సీసా కళ్ల ముందుకొచ్చింది. “కాన్పు సులువయితది” అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. నుదుట అద్దితే కాన్పు ఎట్లా సులువవుతుంది? అత్త ఆ నీళ్లు పిల్లతో తాగిస్తుంది. నా బిడ్డకు తొమ్మిదో నెల.

కొట్టంలో ఉన్న ఆయన దగ్గరికి ఉరికి, సంగతి చెబుతూనే అత్తకు ఫోను చేశాను. బంద్ ఉంది. బస్సులో చార్జింగు ఖర్చయిపోతుందని ఆమె ఫోను ఆపేసి పెట్టుకుంటుంది, ఎన్నిసార్లు తిట్టినా వినదు. బిడ్డకు చేశాను. మోగీ మోగీ ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. అల్లుడు బొగ్గుబాయిలో దిగి ఉన్నాడు, ఆ లోపలికి ఫోను పోదు. మా ఆయన చార్జరు తీగ పీకి గోడకేసి కొట్టాడు. “నేనే జంపిన, నా బిడ్డను నేనే జంపిన” అంటూ కొట్టంలో గుండ్రంగా తిరుగుతున్నాడు. నోరు మూసుకోమని అరిచి, వియ్యపురాలి నంబరుకు కొట్టాను.

ఆమె ఎత్తింది. వెనక ఆడవాళ్ల నవ్వులు వినబడుతున్నాయి. “పిల్లకియ్యి, పిల్లకియ్యి” అన్నాను, ఆమెను పలకరించను కూడా పలకరించలేదు.

“అమ్మా, ఏమైంది? రెండు చేతులకు గోరింటాకు వెట్టిండ్రు, మా అత్తమ్మ ఫోను వట్టుకున్నది నాకు” అంది నా బిడ్డ.

“నాయినమ్మ నీకేమన్న తాగిచ్చిందా?”

“పసుపునీళ్లా? సీసా సూపిచ్చింది. నోట్లె పోస్త అన్నది గని, గోరింటాకు కడిగినంక నా చేతులతోటి నేనే తాగుతనన్న. ఎందుకే?”

నేను నిలబడ్డచోటే కూర్చుండిపోయాను. పేడలో కూర్చున్నానని తర్వాత చూసుకున్నాను. గోరింటాకు ఎర్రగా పండాలని నా బిడ్డ కూర్చుంది, అందుకే బతికింది. ఏం మాట్లాడానో నాకే తెలియదు. అది పసుపు కాదు, మందు నీళ్లు, విషం, మూత తీయొద్దు, పారబోయొద్దు, మీ మేనమామ వచ్చి తీసుకుపోతాడు అని అరుస్తూనే ఉన్నాను. ఎదురుగా మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

“నాయినమ్మకియ్యి ఫోను, జర గడ్డివెడ్త” అన్నాను.

“పండుకున్నదమ్మా. బస్సు వడలేదట. రెండుసార్లు కక్కింది” అంది బిడ్డ.

“సరే, పండుకోనియ్యి” అని పెట్టేశాను.

ఆ క్షణం నాకు ఎంత సంతోషమంటే, చాయ్ పెట్టుకుని తాగుదామనిపించింది. ఆయనను లేపి, ముఖం కడుక్కోమని చెప్పి, డ్రమ్ము మీద రేకు కప్పుదామని వంగాను. డ్రమ్ము వెనకాల, గోడ వారన, ఒక రాగి గ్లాసు ఉంది.

మా అత్త గ్లాసు. ఇంట్లో ఇంకెవరూ దానితో తాగరు, ఆమె ఇంకో దానితో తాగదు. పొద్దున చాయ్ కూడా అందులోనే పోయాలి. అడుగున ఇంత పసుప్పచ్చటి నీళ్లు మిగిలి ఉన్నాయి.

మా అత్తకు బస్సు పడకపోవడమేమిటి? కాళేశ్వరం దాకా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటూ పోయే మనిషి. ఆమె ఒక్కసారి కూడా బస్సులో కక్కుకున్నట్టు నేను ఎరగను. కడుపుతో ఉన్నదానికి పెట్టేది ముందుగాల మనం తిని చూడాలె. ఆ మాట పొద్దున్నే నా మొహం మీదే చెప్పింది, నేను గరిజెల డబ్బా మూత టపామని వేశాను.

వియ్యపురాలికి మళ్లీ ఫోను కలిపి, అత్తను లేపి ఇమ్మన్నాను. అత్త గొంతు పీలగా ఉంది.

“అత్తమ్మా, నిజం జెప్పు. గా నీళ్లు తాగినవా నువ్వు?”

“మెల్లగ మాట్లాడవే. పిల్ల ఇంటది.”

“తాగినవా?”

“రెండు గుక్కలు. పొద్దుగాల డ్రమ్ము కాడనే. సోడనే గద అనుకున్న, కడుపుబ్బరానికి మనం తాగమా?”

ఆమె అనుకున్నది తినే సోడా. బట్టల సోడా వేరని కూడా ఆమెకు తోచలేదు. ఇందాక బిడ్డతో నేను అరిచిన అరుపులన్నీ, ఫోను స్పీకరు మీద ఉండటంతో, పక్క అర్రలో పడుకుని విన్నదట. విషమన్న మాట కూడా విన్నది.

“ఇని గూడ సప్పుడు జెయ్యకుంట పండుకున్నవా? నీకు తలకాయ ఉన్నదా అసలు?” అన్నాను.

“కడుపుతోటి ఉన్న పిల్ల, దడుసుకుంటదే. రేపు సీమంతం గానియ్యి, ఎల్లుండి పోదాం దవాఖానకు” అంది మా అత్త.

నేను ఆమె మాట వినలేదు. వియ్యపురాలికి ఫోను ఇప్పించి, ఉన్న సంగతి చెప్పి, అప్పటికప్పుడు ఆటోలో దవాఖానకు పంపించాను. మేం బండి మీద బయలుదేరాం. హన్మకొండ దాటాం, పరకాల దాటాం, నేను ఒక్క మాట మాట్లాడలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా నోరు అంతసేపు మూతపడి ఉండటం ఆయన ఎన్నడూ చూడలేదు. మధ్యలో ఒకచోట బండి ఆపి, “తిట్టే, ఏమన్న అనవే” అన్నాడు. బండి తియ్యమని వీపు మీద తట్టాను.

మేం పోయేసరికి ఆమెకు సెలైన్ పెట్టారు. పెదవులు పొంగి, నోటి లోపల పొక్కి ఉంది. తమ్ముడు ఫోనులో డాక్టరమ్మకు ఆ నీళ్ల సంగతంతా చెప్పాడు. తాగింది కొంచెమే కావడం, వెంటనే కక్కుకోవడం మంచిదయిందని, అయినా మూత్రపిండాలు దెబ్బతింటాయేమో కొన్నాళ్లు చూడాలని, నోటి ద్వారా అప్పుడే ఏమీ ఇవ్వొద్దని ఆమె చెప్పింది. ఇంకెవరైనా తాగారా అని ముగ్గురిని మూడుసార్లు అడిగింది.

అత్త కళ్లు తెరిచి కొడుకును చూసి అడిగిన మొదటి మాట, “కర్రు తెల్లగయిందారా?”

ఆయన తల ఊపాడు. తర్వాత బయటికి పోయి వరండాలో గోడకు మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

సీమంతం ఆపితే సూది పీకి పారేస్తానని అత్త బెదిరించింది. అందుకని మర్నాడు ఇంట్లోనే నలుగురితో కానిచ్చారు. నేను పోలేదు, ఆమె మంచం పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నం నా బిడ్డ మోచేతుల దాకా గాజులతో వచ్చి నాయినమ్మ పక్కన నిలబడింది. గోరింటాకు నల్లగా పండింది. అత్త ఆ చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, “మంచిగ పండింది” అంది. నాయినమ్మ ఆ నీళ్లు తాగిన సంగతి నా బిడ్డకు ఆ రోజు దాకా ఎవరూ చెప్పలేదు. నాయినమ్మకు బయటి తిండి పడలేదని చెప్పారు.

ఆ పొద్దుగూకే వేళకు మూత్రం మంచిగా వస్తోందని, రక్తపరీక్ష కూడా నయంగా ఉందని, ఇక కొంచెం కొంచెం నీళ్లు ఇవ్వొచ్చని నర్సు చెప్పి పోయింది. కొత్త సీసా మూత తీసి, కాగితపు గ్లాసులో పోసి అత్త చేతిలో పెట్టాను. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయిన మనిషి, గటగటా తాగుతుందనుకున్నాను. తాగలేదు. గ్లాసును కిటికీ దిక్కు ఎత్తి, నీళ్ల రంగు చూసింది. వాసన చూసింది.

“ఎవలన్న తాగి సూసిండ్రా?” అని అడిగింది.

పరాచికం కాదు. ఇంట్లో అందరికీ పెట్టేది ముందు తాను మింగి చూసిన మనిషి, గుక్కెడు మంచినీళ్లకు జడుసుకుని నా మొహంలోకి చూస్తోంది. ఆమెకు ముందుగా తాగి చూసేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.

గ్లాసు ఆమె చేతుల నుంచి తీసుకుని, ఆమె చూస్తుండగా రెండు గుక్కలు తాగాను. ఆమె చేసినట్టే కొంచెంసేపు ఆగాను.

“మంచిగనే ఉన్నయి అత్తమ్మా, తాగు” అన్నాను.

మా అత్త గ్లాసు అందుకుని, నా ఎంగిలి నీళ్లు చుక్క మిగలకుండా తాగింది.